గుమాస్తాగారి రైలుబండి
(ఫ్రాంక్ హార్న్‌బీ జీవితం)



విశ్రాంత జీవితంలో వ్యాపకాలు అన్న విషయం మీద వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు నన్ను కూడా నాలుగు మాటలు వ్రాయమని మన కార్యవర్గం వారు అడిగారు. నా వ్యాపకం బొమ్మరైళ్ళు. పాతకాలపు ఆవిరి ఇంజన్ల నమూనాలు సమకూర్చుకుని, చిన్న పట్టాల మీద నడుపుకుంటూ ఉంటాను. ఇది విన్నవారిలో సగంమంది ముచ్చటపడతారు, మిగతా సగం ఈ వయస్సులో ఈ ఆటలేమిటని నవ్వుకుంటారు. నవ్వేవారి మీద నాకు కోపం లేదు. అయితే ఈ బొమ్మరైలును ఇంటింటికీ తెచ్చిన మనిషి ఏ ఇంజనీరో, ఏ జమీందారో కాదు. మనలో చాలామందిలాగే పద్దులు వ్రాసుకుని బ్రతికిన గుమాస్తా. ముప్పయి నాలుగేళ్ళు లెడ్జర్ల మధ్య గడిపిన నాకు ఆయన జీవితం చదివినప్పుడు మన మనిషే అనిపించింది. అందుకే నా సంగతి పక్కనపెట్టి ఆయన సంగతి చెబుతాను.

రైలు పుట్టిన ఊరివాడు

ఫ్రాంక్ హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో పుట్టాడు. తండ్రి జాన్ ఆహార సరుకుల వ్యాపారి. ఆవిరి ఇంజన్ల చరిత్రలో ఆ ఊరికి పెద్దపీట ఉంది. 1829లో ఆ సమీపంలోని రెయిన్‌హిల్ వద్ద ఇంజన్ల పోటీ పెడితే స్టీఫెన్‌సన్‌ల రాకెట్ ఇంజను గెలిచింది. మరుసటి సంవత్సరం లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మొదలయింది. 1853లో మన దేశంలో బొంబాయి, ఠాణాల మధ్య తొలి ప్రయాణీకుల రైలు నడిచిన లైనుకు ఇంజన్లు తయారయి వచ్చింది కూడా ఈ రెండు నగరాల మధ్యనున్న వల్కన్ ఫౌండ్రీ అనే కర్మాగారం నుంచే. అలాంటి చోట పుట్టిన పిల్లవాడికి యంత్రాల మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా హార్న్‌బీ యంత్రశాస్త్రం చదువుకోలేదు. పదహారో ఏట బడి మాని తండ్రి వ్యాపారంలో క్యాషియరుగా చేరాడు. చిన్నతనంలో శామ్యూల్ స్మైల్స్ వ్రాసిన స్వయంకృషి పుస్తకం ఆయనను బాగా ఆకట్టుకుంది. ఏ ఇంధనమూ లేకుండా నిరంతరం తిరిగే యంత్రం చేయాలని కూడా ప్రయత్నించాడు. అది ఎవరివల్లా కాని పని గనుక ఆయనవల్లా కాలేదు. కాని చేతులకు పని అలవాటయింది. 1887లో క్లారా గాడ్‌ఫ్రాయ్ అనే ఉపాధ్యాయురాలిని పెళ్ళి చేసుకున్నాడు. రోలండ్, డగ్లస్ అనే ఇద్దరు కొడుకులు, పాట్రీషియా అనే కూతురు కలిగారు.

1899లో తండ్రి మరణించాడు. వ్యాపారం మూతపడింది. అప్పుడు హార్న్‌బీ వయస్సు ముప్పయి ఆరు. భార్యాబిడ్డలున్న మనిషి. డేవిడ్ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి వద్ద పద్దులు వ్రాసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆ వయస్సులో తండ్రి నీడ పోయి, సొంత కొట్టు పోయి, మరొకరి వద్ద కలం పట్టుకోవడం ఎలా ఉంటుందో మన సభ్యులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

చిల్లుల రేకు

ఆ రోజుల్లోనే సాయంత్రాలు ఇంటి వద్ద కొడుకులిద్దరికీ బొమ్మలు చేసి ఇచ్చేవాడు. రేకును కత్తిరించి వంతెనలు, క్రేన్లు చేసేవాడు. ఒక్కటే చిక్కు. ఒక బొమ్మకు చేసిన ముక్క మరో బొమ్మకు పనికి వచ్చేది కాదు. ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి కత్తిరించుకోవాలి. ఒక క్రిస్మస్ ముందురోజున బంధువుల ఊరికి రైల్లో పోతూ ఈ చిక్కు గురించే ఆలోచిస్తుండగా ఉపాయం తట్టిందని ఆయనే తరువాతి కాలంలో వ్రాసుకున్నాడు.

ఉపాయం చాలా సులువైనది. రేకు ముక్కలన్నీ ఒకే వెడల్పు, అర అంగుళం. వాటి పొడవునా చిల్లులు. ఏ చిల్లుకైనా పక్క చిల్లుకూ మధ్య దూరం సరిగ్గా అర అంగుళం. ఈ ఒక్క కట్టుబాటు ఉంటే చాలు, ఏ ముక్క అయినా ఏ ముక్కతోనైనా నట్టు బోల్టులతో బిగుస్తుంది. అదే చిల్లులోంచి ఇరుసు దూర్చి చక్రం తిప్పవచ్చు. ఇవాళ క్రేను కట్టి, రేపు విప్పి, ఎల్లుండి అవే ముక్కలతో వంతెన కట్టవచ్చు. నా మటుకు నాకు ఇందులో గుమాస్తా బుద్ధే కనబడుతుంది. పద్దుల పుస్తకంలో గళ్ళన్నీ ఒక్క తీరుగా ఉంటేనే కదా ఏ పేజీ మొత్తమైనా మరో పేజీకి తీసుకుపోగలం!

అయిదు పౌండ్ల అప్పు

దీనికి పేటెంటు కావాలి. చేతిలో డబ్బు లేదు. యజమాని ఎలియట్‌నే అడిగి అయిదు పౌండ్లు అప్పు తీసుకున్నాడు. పిల్ల పెళ్ళికో ఇంటి కప్పుకో పి.ఎఫ్. అడ్వాన్సు తీసుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. పిల్లల బొమ్మకోసం అప్పు చేసినవారు తక్కువ. 1901 జనవరిలో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. బొమ్మలు తయారుచేయడానికి పెద్ద కంపెనీలేవీ ముందుకు రాలేదు. ఎలియట్ మాత్రం తన కార్యాలయం పక్కనున్న ఖాళీ చోటు ఇచ్చి, తానే భాగస్వామిగా చేరాడు. గుమాస్తా సాయంత్రం వేళ పిచ్చిపనులు చేస్తున్నాడని కసురుకోకుండా వెన్నుతట్టిన ఆ యజమానిని తలచుకోకుండా ఈ కథ చెప్పకూడదు.

1902లో తొలి పెట్టెలు అంగడికి వచ్చాయి. పేరు మెకానిక్స్ మేడ్ ఈజీ. ధర ఏడున్నర షిల్లింగులు. లోపల పదహారు రకాల ముక్కలు, పన్నెండు నమూనాలు చేసే విధానం చూపే కాగితం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న ప్రొఫెసర్ హెలీ షా దీన్ని మెచ్చుకుంటూ సిఫార్సు ఇచ్చాడు. అయినా లాభం వెంటనే రాలేదు. 1903లో 1,500 పెట్టెలు అమ్ముడయినా మిగిలింది సున్న. 1906లోగాని తొలిసారిగా కొద్దిపాటి లాభం కళ్ళచూడలేదు. అంటే పేటెంటు తరువాత అయిదేళ్ళు. అన్నాళ్ళూ ఆయన ఉద్యోగం మానలేదు. కలలు కన్నాడే గాని నెల జీతాన్ని గాలికి వదలలేదు.

1907లో గిరాకీ పెరిగి, ముక్కలు చేసి ఇచ్చేవారు అందించలేకపోతే అప్పుడు ఉద్యోగం మాని, లివర్‌పూల్ డ్యూక్ వీధిలో చిన్న కార్ఖానా అద్దెకు తీసుకున్నాడు. మెకానో అన్న పేరు నమోదు చేయించిందీ ఆ సంవత్సరమే. 1908లో మెకానో లిమిటెడ్ కంపెనీ ఏర్పడింది. ఎలియట్ అందులో చేరకుండా తప్పుకున్నాడు. 1912లో పారిస్‌లో శాఖ, 1914లో లివర్‌పూల్ బిన్స్ రోడ్డులో పెద్ద ఫ్యాక్టరీ, 1916లో మెకానో పత్రిక వచ్చాయి. మన దేశంలో కూడా కాస్త కలిగినవారి ఇళ్ళలో మెకానో పెట్టె కనబడేది.

యాభై ఏడో ఏట రైలు

ఇక నాకు ఇష్టమైన ఘట్టానికి వస్తాను. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బొమ్మరైళ్ళ వ్యాపారం చాలావరకు జర్మనీవారిది. బింగ్, మార్క్లిన్ కంపెనీల రైళ్ళే బ్రిటన్‌లోనూ అమ్ముడయ్యేవి. యుద్ధంతో ఆ రాక ఆగింది. 1920లో హార్న్‌బీ తన పేరుతోనే రైలు విడుదల చేశాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏడు. మనం సర్వీసు పుస్తకం సరిచూసుకుని పెన్షన్ కాగితాలు సిద్ధం చేసుకునే వయస్సులో ఆయన కొత్త లైను వేశాడు!

అది కీ ఇస్తే నడిచే రైలు. పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లని గుర్తున్నవారికి ఆ చిన్నతనం బోధపడుతుంది. ఇంజను, పెట్టెలు కూడా మెకానో పద్ధతిలోనే నట్టు బోల్టులతో బిగించినవి. పిల్లలు విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు. 1925లో విద్యుత్తు రైలు వచ్చింది. మొదట్లో ఇంటి కరెంటుతోనే నడిపే రకం ఉండేది. అది పిల్లలకు ప్రమాదం గనుక తరువాత తక్కువ వోల్టేజి రైళ్ళు వచ్చాయి.

1920ల చివర ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, రాయల్ స్కాట్ వంటి పేరుమోసిన ఇంజన్ల పేర్లతో బొమ్మలు వెలువడ్డాయి. నిక్కచ్చిగా చెప్పాలంటే అవి అచ్చమైన నమూనాలు కావు. అసలు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు ఒక్కో పక్కన మూడేసి పెద్ద చక్రాలుంటే బొమ్మకు రెండేసి. బల్ల మీది ఇరుకు మలుపుల్లో తిరగాలి, ధర అందుబాటులో ఉండాలి. అయినా పిల్లలు ఆ లోటును మనసులోనే పూరించుకున్నారు. 1928లో పిల్లల కోసం హార్న్‌బీ రైల్వే కంపెనీ అనే సంఘం కూడా పెట్టారు.

ఆ రైళ్ళ పక్కన నిలబెట్టుకోవడానికని 1933లో విడుదల చేసిన చిన్న మోటారు వాహనాలే మరుసటి సంవత్సరం నుంచి డింకీ బొమ్మలుగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. ఆ 1934లోనే మరొక వింత జరిగింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ అనే శాస్త్రజ్ఞులు చాలావరకు మెకానో ముక్కలతోనే క్లిష్టమైన గణిత సమీకరణాలను సాధించే యంత్రాన్ని కట్టారు. కొడుకుల ఆటకోసం కత్తిరించిన రేకు పండితుల లెక్కలకు పనికివచ్చింది.

చివరి మజిలీ

1931లో, అరవై ఎనిమిదో ఏట, హార్న్‌బీ కన్సర్వేటివ్ పక్షం తరఫున లివర్‌పూల్‌లోని ఎవర్టన్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1935 వరకు సభ్యుడిగా ఉన్నాడు. మధుమేహం, గుండెజబ్బు ఆయనను కృంగదీశాయి. 1936 సెప్టెంబరు 21న కన్నుమూశాడు. లివర్‌పూల్ సమీపంలో తాను నివసించిన మాగల్ గ్రామంలోనే ఖననం చేశారు. పెద్దకొడుకు రోలండ్ కంపెనీ బాధ్యత స్వీకరించాడు. రేకు బొమ్మలు తొలిసారి ఏ పిల్లల కోసం చేశాడో వారిలో ఒకడే చివరికి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

అసలు ఇంజనుకు బాగా దగ్గరగా ఉండే ప్రిన్సెస్ ఎలిజబెత్ నమూనా 1937లోను, చిన్న ఇళ్ళలో కూడా పట్టే 16.5 మిల్లీమీటర్ల పట్టాల డబ్లో రైలు 1938లోను వచ్చాయి. రెండింటినీ ఆయన చూడలేదు. తరువాత కాలం మారింది. 1964లో కంపెనీ చేతులు మారింది. 1979లో బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ బ్రతుకులు వెళ్ళదీసిన కార్మికుల గురించి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. అయితే హార్న్‌బీ పేరుతో రైళ్ళు నేటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి.

అసలు ఆవిరి బండ్లు బ్రిటన్ ప్రధాన మార్గాల నుంచి 1968లో సెలవు తీసుకున్నాయి. మన బ్రాడ్‌గేజి మీద 1995లో. కాని అన్నీ పాత ఇనుము కొట్టుకు పోలేదు. 1923లో తయారయిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను 1963లో అలన్ పెగ్లర్ అనే రైళ్ళ అభిమాని కొని కాపాడాడు. ఇప్పుడది బ్రిటన్ జాతీయ రైల్వే మ్యూజియం సొత్తు. మనకూ ఢిల్లీ రైలు మ్యూజియం ఉంది, 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఉంది, డార్జిలింగ్, నీలగిరి కొండల్లో పొగలు కక్కే ఇంజన్లున్నాయి. బొమ్మరైలు కీ తిప్పిన తరం పెద్దదయ్యాక అసలు రైలును పోనివ్వలేదని నా నమ్మకం.

ఇంతకూ మిత్రులకు నేను మనవి చేసేది ఒక్కటే. హార్న్‌బీ పెట్టుబడి అయిదు పౌండ్ల అప్పు కాదు. ఆఫీసు నుంచి వచ్చాక పిల్లలతో గడిపిన సాయంత్రాలు. ఆ సాయంత్రాలు మనలో చాలామందికి సర్వీసులో ఉండగా దొరకలేదు. ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి. ఖరీదయిన విదేశీ రైలు కొననక్కరలేదు. అట్టముక్క, రేకు, కత్తెర, కాస్త జిగురు చాలు. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని, మనం ఎక్కిన పాసింజరు బండి ఎలా ఉండేదో, బొగ్గు నలుసు కంట్లో పడితే ఎలా మండేదో చెబుతూ ఒక ఇంజను చేసి చూడండి. చక్రం కాస్త వంకరగా తిరిగినా ఫరవాలేదు. చిల్లుల మధ్య దూరం మాత్రం సరిగ్గా కొలిచి పెట్టండి. ఇవాళ మీరు బిగించింది రేపు వాళ్ళు విప్పి మరోటి కట్టుకోవాలి కదా!