గోఖలే విద్యా బిల్లు

గోపాలకృష్ణ గోఖలే యనగానే గాంధీమహాత్ముడు రాజకీయ గురువుగా భావించిన మితవాద నాయకుడు మనకు స్ఫురించును. కాని ఆయన తొలి వృత్తి ఉపాధ్యాయ వృత్తి. దేశమందలి పిల్లలకు ఉచితముగా, నిర్బంధముగా ప్రాథమిక విద్య నేర్పింపవలెనని ఇంపీరియల్ శాసనమండలిలో బిల్లు ప్రవేశపెట్టిన వారును ఆయనయే. ఆ బిల్లు ఓడిపోయినది. ఆ ఓటమి కథ ఉపాధ్యాయులును, విద్యార్థులును తెలిసికొనదగినది.

గోఖలే 1866 మే 9వ తేదీన రత్నగిరి జిల్లాలోని కోట్లుక్ గ్రామమున పేద కుటుంబములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. అన్న గోవిందరావు తన చదువు మాని, నెలకు 15 రూపాయల కొలువులో చేరి, అందులో 8 రూపాయలు తమ్ముని చదువునకు పంపుచుండెను. అట్టి యింట పెరిగినవారికి ఫీజు భారమెట్టిదో వేరొకరు చెప్పనక్కరలేదు. 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టము పొంది, పుణె చేరి, ఫెర్గుసన్ కళాశాలలో స్వల్ప వేతనముపై సుమారు రెండు దశాబ్దములు బోధించిరి. బడిపిల్లలకొక అంకగణిత గ్రంథమును గూడ వ్రాసిరి.

శాసనమండలి సభ్యులైన పిమ్మట ఏటేట ప్రభుత్వ ఆదాయ వ్యయములను పరిశీలించి విమర్శించుట ఆయనకు నియమమయ్యెను. సైన్యమునకు ధారాళముగా లభించు ధనము బడికి లభించుట లేదని గ్రహించిరి. 1910 మార్చిలో నిర్బంధ విద్యపై తీర్మానము తెచ్చి, పరిశీలింతుమని ప్రభుత్వము చెప్పగా ఉపసంహరించుకొనిరి. ఆ యేడే భారత ప్రభుత్వమున ప్రత్యేక విద్యాశాఖ యేర్పడినది. అయినను నిర్బంధ విద్య ఊసు లేకపోవుటచే, 1911 మార్చి 16వ తేదీన స్వయముగా బిల్లు ప్రవేశపెట్టిరి. నాడు దేశములో నూటికి ఆరుగురికి మాత్రమే అక్షరజ్ఞానము కలదు. బరోడా సంస్థానము మాత్రము 1906 నాటికే నిర్బంధ విద్యను రాజ్యమంతట అమలుపరచియుండెను.

బిల్లు ఎంతో జాగ్రత్తగా రచింపబడినది. ఆరు మొదలు పది యేండ్ల వయసుగల బాలురకే ముందుగా నిర్బంధము. బాలికలకు తరువాత విస్తరింపవచ్చును. ఇప్పటికే కొంత శాతము పిల్లలు బడికి వచ్చుచున్న ప్రాంతములలో మాత్రమే, అదియు స్థానిక సంస్థ కోరి, ప్రభుత్వము అంగీకరించినచోనే అమలు. నెలకు 10 రూపాయలకు మించని ఆదాయము గలవారి పిల్లలకు ఫీజు లేదు. వ్యయములో మూడింట రెండు వంతులు ప్రభుత్వమే భరింపవలెనని ఆయన కోరిరి.

బాలికలను వెనుకకు నెట్టుట నేడు మనకు లోపముగనే తోచును. ఇంత మితమైన కోర్కెను గూడ ప్రభుత్వము మన్నింపలేదు. ప్రజలలో కోరిక లేదనియు, రాష్ట్ర ప్రభుత్వములు సమ్మతింపవనియు, ధనము చాలదనియు పలికిరి. నిర్బంధము తల్లిదండ్రులను మాత్రమే కట్టివేయునది కాదు. బిడ్డను బడికి పంపుమని ఆజ్ఞాపించిన ప్రభుత్వము బడిని, పంతులును, జీతమును సమకూర్పక తప్పదు. ఆ బాధ్యతకే పాలకులు జంకిరని నా అభిప్రాయము. 1912 మార్చి 19వ తేదీన బిల్లు 38 ఓట్లకు 13 ఓట్లతో వీగిపోయినది. ఫలితము ముందే యెరిగిన గోఖలే, తమ తరము అపజయములతోనే దేశసేవ చేయవలసియున్నదని తలచి నిరుత్సాహపడలేదు. 1915 ఫిబ్రవరి 19వ తేదీన, యేబదియేండ్లయినను నిండకుండగనే, పుణెలో కన్నుమూసిరి.

విత్తనము మాత్రము నేలలో నిలిచినది. 1918లో బొంబాయి రాష్ట్రమునను, 1920లో మన తెలుగు జిల్లాలు చేరియున్న మద్రాసు రాష్ట్రమునను ప్రాథమిక విద్యా చట్టములు వెలసినవి. రాజ్యాంగము పది యేండ్లలో పదునాలుగేండ్లలోపు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య నొసగ యత్నింపవలెనని 1950లో ఆదేశించెను. ఆ గడువు దాటిపోయినది. 1993లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము కక్షిగానున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఆ విద్యను హక్కుగా గుర్తించెను. 2002లో రాజ్యాంగ సవరణయు, 2009లో విద్యాహక్కు చట్టమును వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలయినవి.

బిల్లు వీగిన నాటికిని, హక్కు అమలయిన నాటికిని నడుమ 98 సంవత్సరములు గడచినవి. ఈ కాలమున హాజరుపట్టీలో పేరెక్కకయే పెద్దవారైన పిల్లలెందరో! శాసనమొకటి ఆలస్యమైనచో నష్టపడునది శాసనసభ కాదు, ఆ పిల్లలే. ఉపాధ్యాయుడైన గోఖలే ఈ సంగతి నెరిగియుండుటచేతనే, ఓడుదునని తెలిసియు ఆ బిల్లును సభ ముందుంచిరి.