రెంచి పట్టిన చేతులకు అభినందన

హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌కు 85 ఏళ్లు నిండాయి. తేజస్ యుద్ధవిమానాన్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు చాలామందే ఉంటారు. నా మొదటి నమస్కారం మాత్రం యుద్ధకాలంలో బెంగళూరు షెడ్లలో గ్రీజు మరకల బట్టలతో పనిచేసిన మెకానిక్కులకు.

1940 డిసెంబరు 23న మైసూరు సంస్థానం అండతో వాల్‌చంద్ హీరాచంద్ ఈ కర్మాగారం పెట్టింది విమానాలు తయారుచేద్దామని. మరుసటి ఏడే హార్లో శిక్షణ విమానం గాల్లోకి లేచింది. అంతలో జపాన్ ముంచుకొచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ ఏడాదే ప్రభుత్వం కంపెనీని చేతుల్లోకి తీసుకుంది. 1943లో దాని నిర్వహణ అమెరికా సైన్యానికి వెళ్లి, 84వ ఎయిర్ డిపో అయింది. అప్పుడు తయారీ కన్నా మరమ్మతే ముఖ్యం. విమానాలు సముద్రం దాటి వచ్చేవి, వాటిని ఎగిరే స్థితిలో ఉంచాల్సింది ఇక్కడివాళ్లే.

నీటి మీద దిగే కాటలీనాలు బెళ్లందూరు చెరువులో వాలేవి. కాటలీనా, డకోటా, లిబరేటర్ మూడింటికీ ట్విన్ వాస్ప్ ఇంజనే. రెండు వరుసల్లో 14 సిలిండర్లు. దాన్ని పూర్తిగా ఊడదీయాలి. ప్రతి భాగాన్నీ కడిగి, వెంట్రుకవాసి పగులు కూడా లేదని చూసుకోవాలి. అరిగినవి మార్చి, మళ్లీ బిగించి, నట్లు వదులవకుండా తీగ కట్టి, టెస్ట్ బెడ్ మీద నడిపి చూడాలి. లిబరేటర్ బాంబర్‌కైతే అలాంటి ఇంజన్లు నాలుగు! అంతకుముందు విమానాన్ని దగ్గర నుంచి చూసి కూడా ఎరగని కుర్రాళ్లెందరో ఈ విద్యను పనిలోనే పట్టేశారు.

ఆ చదువు ఎంత గట్టిదో 1948లో తేలింది. యుద్ధం ముగిశాక, ఇంకెవరికీ పనికిరాకుండా పాడుచేసి మరీ కాన్పూరులో వదిలేసిన లిబరేటర్లు అవి. మనవాళ్లు వెళ్లి, ఒకదాని భాగాలు ఇంకోదానికి అమర్చి, ఎగరగలిగేంత బాగుచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరు తోలుకొచ్చారు. ఎలాంటి ధైర్యం అది! బాగుచేసినవాళ్ల మీద నమ్మకం లేకపోతే ఎవరైనా ఆ సీట్లో కూర్చుంటారా? అక్కడ పూర్తి ఓవర్‌హాలింగ్ జరిగాక వైమానిక దళం వాటిని 1968 దాకా నడిపింది. ఈనాడు ఇంగ్లండు, అమెరికా మ్యూజియాల్లో ఉన్న కొన్ని లిబరేటర్లు మనం కాపాడి పంపినవే.

మనవాళ్లు మరమ్మతుతోనే ఆగలేదు: 1951లో డిజైనర్ ఘాటగే బృందం రూపొందించిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం ఎగిరింది. 1965లో మన హైదరాబాద్ బాలానగర్‌లో ఏవియానిక్స్ విభాగం వచ్చింది. అక్కడ ఈ పూట కూడా డ్యూటీలో ఉన్న అక్కలకూ అన్నలకూ, ఆనాటి డిపో మెకానిక్కుల మనవళ్లకూ మనవరాళ్లకూ మనసారా శుభాకాంక్షలు.