గాలి మర్మ మెఱిగిన సతీష్ ధావన్

నెల్లూరు సీమ తీరమున, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట యను దీవి కలదు. అచ్చటి అంతరిక్ష కేంద్రము సతీష్ ధావన్ పేర వెలసియున్నది. ఆయన ఆంధ్రుడు కాడు. 1920వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన శ్రీనగరమున జన్మించెను. అయినను ఆయన జీవితము మన తీరముతో పెనవేసికొనిపోయినది.

ధావన్ లాహోరు విశ్వవిద్యాలయమున గణిత భౌతిక శాస్త్రములందును, ఆంగ్ల సాహిత్యమునందును, యంత్రశాస్త్రమునందును పట్టములు పొందెను. పిదప అమెరికాకేగి, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో హాన్స్ లీప్‌మన్ పండితుని వద్ద పరిశోధన సలిపి 1951లో డాక్టరు పట్టము నందెను. వస్తువును ఒరసికొనుచు పోవు గాలి దానిని ఎంత బలముతో లాగును? ఆ బలము మిక్కిలి స్వల్పము. పలకలో ఒక చిన్న భాగమును విడదీసి, గాలి తాకిడికి అది కదలునట్లు అమర్చి, ఒరపిడిని నేరుగా కొలుచు సాధనమును ఆయన నిర్మించెను.

గాలి శాస్త్రము విమానములకే పరిమితము కాదు. తెరచాప పడవను చూడుడు. వంపు తిరిగిన చాపకు ఇరుప్రక్కల గాలి ప్రవహించును. వెలుపలి వంపున గాలి వేగము హెచ్చి పీడనము తగ్గును. లోపలి వైపున పీడనము హెచ్చుగా నుండును. ఈ భేదమే పడవను నడపును. ఒడ్డున నిలిచినవానికి తగులు గాలియు, చాపకు తగులు గాలియు ఒకటి కాదు. పడవ గమనము కూడ దానిలో చేరును. అలలు లేచినపుడు చిక్కు మరింత పెరుగును. గాలికి ఏటవాలుగా ఎదురేగు పడవ ముక్కును అల పైకెత్తినపుడు కంబపు కొన వెనుకకు ఊగును. అపుడు చాప పైభాగమునకు గాలి తక్కువగా తగులును. ముక్కు దిగినపుడు కొన ముందునకు ఊగును. గాలి హెచ్చుగా తగులును. గాలి తగులు దిశయు మారుచుండును. కావున చాపపై బలము క్షణక్షణము మారును. నేర్పరియగు నావికుడు త్రాటిని బిగించుచు, వదలుచు దానిని సరిచేసికొనును. రెక్కలల్లార్చు పక్షి విషయమును ఇట్టిదే. రెక్క కదలిక గాలి కదలికతో కలియును. పులికాట్ పక్షులను ధావన్ మిక్కిలి ఆసక్తితో గమనించెడివాడు. పక్షులు ఎగురు విధమును గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును కూడ రచించెను.

1951లో ఆయన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చేరి, ధ్వనిని మించు వేగముగల గాలిని పుట్టించు సొరంగమును నిర్మింపజేసెను. అనంతరము ఆ సంస్థకు అధ్యక్షుడయ్యెను. 1971 డిసెంబరు 30వ తేదీన విక్రమ్ సారాభాయి మరణింపగా, ప్రధాని ఇందిరాగాంధీ అంతరిక్ష కార్యభారమును వహింపుమని ధావన్‌ను కోరెను. విజ్ఞాన సంస్థను విడువనను నియమముతో ఆయన అంగీకరించి, 1972లో ఆ భారమును స్వీకరించెను.

1979 ఆగస్టు 10వ తేదీన, దేశపు తొలి ఉపగ్రహ వాహనము శ్రీహరికోట నుండి లేచెను. సుమారు 17 టన్నుల బరువు గల ఆ వాహనమును రూపొందించిన బృందమునకు అబ్దుల్ కలాం నాయకుడు. రెండవ అంతస్తు నియంత్రణ వ్యవస్థలో ద్రవము కారిపోవుటచే వాహనము దారి తప్పి సముద్రమున పడెను. ఏండ్ల తరబడి పడిన శ్రమ కొన్ని నిమిషములలో నీటిపాలయ్యెను. పత్రికలవారు ఏమని వ్రాయుదురో యని అందరును దిగులుపడిరి. అపుడు ధావన్ కలాంను ముందుకు నెట్టలేదు. తానే విలేఖరుల ఎదుట నిలిచి, వైఫల్య భారమును తన తలపై వేసికొని, తన బృందముపై తనకు గల నమ్మకమును ప్రకటించెను.

1980 జూలై 18వ తేదీన అట్టి వాహనమే 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో చేర్చెను. ఆనాడు విలేఖరులతో మాటలాడుటకు ధావన్ కలాంను పంపి, తాను వెనుక నిలిచెను. అపజయము నాయకునిది, జయము అనుచరులదియను నీతిని ఆయన ఆచరించి చూపెను.

1984లో ధావన్ ఆ పదవిని వదలెను. 2002 జనవరి 3వ తేదీన బెంగుళూరున కాలధర్మము చెందెను. అదే సంవత్సరము సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రమునకు ఆయన నామమును ఉంచిరి. నేడు అచ్చట నుండి లేచు ప్రతి వాహనమును, గాలి మర్మమును, మనుష్యుల మనస్సును ఎఱిగిన ఆ మహనీయుని పేరు గల నేల నుండియే ఆకసమున కెగయుచున్నది.