ఘంటసాల చివరి రికార్డు

నాంపల్లి స్టేషను నుండి బయలుదేరి పబ్లిక్ గార్డెన్సును, శాసనసభా భవనమును దాటినచో రవీంద్రభారతి వచ్చును. 1972లో ఆ వేదికపై కచేరీ చేయుచుండగా ఘంటసాల వెంకటేశ్వరరావుగారికి గుండెలో నొప్పి వచ్చినది. చాలనాళ్ళు ఆస్పత్రిలో ఉండవలసివచ్చినది. అంతకు రెండేండ్ల ముందే, 1970లో, అబిడ్సుకు చేరువనున్న లాల్ బహదూర్ స్టేడియములో ఆయన గానమునకు రజతోత్సవము జరిగినది. పద్మశ్రీ వచ్చినదియు ఆ ఏడే. ఆ వైభవమును మనవారు తరచు తలచుకొందురు. నేను తలచుకొనునది ఆ నొప్పి తరువాతి రెండేండ్లను.

ఘంటసాల 1922 డిసెంబరు 4న గుడివాడ తాలూకా చౌటపల్లిలో జన్మించినారు. తండ్రి సూర్యనారాయణగారు మృదంగ విద్వాంసులు, తరంగములు పాడెడివారు. ఆయన కుమారుని బాల్యముననే గతించినారు. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో వేలి ఉంగరమమ్మి విజయనగరము చేరిన ఆ బాలునకు, కళాశాల సెలవులకు మూసియుండుట ఎదురైనది. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠము చెప్పినారు. అన్నమునకు మాత్రము మధుకరమే శరణ్యము. జోలె పట్టి ఇంటింటికి తిరుగవలసినదే. 1942 ఉద్యమములో పాల్గొని అల్లీపురము జైలు చూచినారు. పిదప మద్రాసు, స్వర్గసీమ, పాతాళభైరవి, మాయాబజార్. ఈ భాగము తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు.

ఆయన జీవితమునందు అధిక భాగము మూడు నిమిషముల పాటలోనే గడచినది. పాత గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క పట్టునది అంతే. కరుణశ్రీ పద్యములను పాడినప్పుడును ఆ కొలతకు లోబడవలసినదే. ఎల్.పి. రికార్డు వచ్చిన పిమ్మట ఒక్కొక్క ప్రక్కకు ఇరువది నిమిషములు దాటి చోటు దొరకినది. ఇంగ్లండులో మూడీ బ్లూస్ అను రాక్ బృందమువారు 1967లో ఈ చోటునే వాడుకొని, తెల్లవారుజాము మొదలు రాత్రివరకు ఒక దినమును వాద్యబృందముతో ఒకే కథగా పాడినారు. ఘంటసాలకు ఆ సంగతి తెలియునో తెలియదో మనకేల? ఆయన ఎంచుకొన్నది కురుక్షేత్రము. హెచ్.ఎం.వి. వారికై భగవద్గీతను పాడబూనినారు.

ఆరోగ్యము సహకరింపలేదు. చక్కెరవ్యాధి అప్పటికే ఉన్నది. వలదని వారించినవారికి, గీత ముగిసిన పిమ్మట సినిమా పాటలు మానెదనని చెప్పి ఆ పని పూర్తిచేసినారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూసినారు. వయస్సు యాబదియొక్క ఏండ్లు. రికార్డు వెలువడునప్పటికి ఆయన లేరు.

ఈ కృతి నిర్దుష్టమని నేననను. ఏడువందల శ్లోకములలో నూరుపైచిలుకు మాత్రమే ఏరుటవలన వాదక్రమము అక్కడక్కడ తెగినది. శ్లోకమునకు శ్లోకమునకు నడుమ వచ్చు తాత్పర్యవచనము కొన్నిచోట్ల రాగమును నిలువనీయదు. వాద్యసమ్మేళనమునందు సినిమా పోకడ తొంగిచూచును. మాయాబజార్ నాటి నునుపు ఆ గళమున లేదు. అయినను ఆ బరువు ఇక్కడ లోపమైనట్లు తోపదు. అర్జునుడు విల్లు విడిచి కూలబడిన ఘట్టమును యౌవనపు కంఠము ఇంత నమ్మకముగా పలుకజాలదు. విశ్వరూపసందర్శనమున ఆ అలసినకంఠమే పైకెగసి, భయమును భక్తిని ఒక్క ఊపిరిలో చూపినది. పట్రాయనివారి వద్ద నేర్చిన ఉచ్చారణశుద్ధి ఆద్యంతము చెదరలేదు. పద్యపఠనము చెప్పు ఉపాధ్యాయులు దీనిని గమనింపవలెను.

మనవారు దీనికొక అన్యాయము చేసినారు. మృత్యువు సంభవించిన ఇంట, శవయాత్రలో తప్ప మరెక్కడను దీనిని వినరాదన్నట్లు ఏర్పాటు చేసికొన్నారు. యుద్ధమునకు లెమ్మని చెప్పు గ్రంథమునకు పట్టిన గతి ఇది! ఒకసారి నేను తరగతిలో ఈ రికార్డు వినిపింపగా, తొలి స్వరములకే వెనుకబెంచీ విద్యార్థి యొకడు, ఎవరు పోయినారండీ అని అడిగినాడు. అందరు నవ్వినారు. నేను ఆపక, పదునొకండవ అధ్యాయము వరకు పోనిచ్చితిని. గంట కొట్టినారు. ఆ అధ్యాయము ముగియువరకు ఎవ్వరును లేవలేదు.