కాటన్ దొర ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరు తెలియని కూలీ ఉండడు. ఊళ్లలో విగ్రహాలున్నాయి. గోదావరి స్నానం చేయించేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు కలిపి చదివిన పురోహితులూ ఉన్నారు. ఒక్క మనిషి వచ్చి, ఒక్కడే ఆలోచించి, ఒక్కడే నదికి కట్ట వేశాడన్నట్టుగా కథ చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ కథ కాటన్‌కే న్యాయం చెయ్యదు. ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది వేరే ఉంది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, 1821లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడిగా మద్రాసులో దిగాడు. మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం. బర్మా యుద్ధానికి వెళ్లి వచ్చాడు. 1828లో కావేరి నీటి పనులు ఆయనకు అప్పగించారు. అక్కడే ఆయనకు అసలైన బడి దొరికింది.

శ్రీరంగం దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం. దానికి వాలు ఎక్కువ కనుక నీరంతా అటే లాక్కుపోతోంది. తంజావూరు పొలాలకు నీరిచ్చే కావేరి పాయ ఏటేటా మేట వేసి పూడిపోతోంది. కొల్లిడానికి అడ్డు వెయ్యాలి. కానీ నదిలో ఎంత తవ్వినా ఇసకే. పునాది వెయ్యడానికి రాయి తగలదు. మరి ఇసక మీద కట్ట నిలబెట్టడం ఎలా?

జవాబు అక్కడికి దగ్గర్లోనే ఉంది. చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణై వందల ఏళ్లుగా ఆ ఇసకలోనే నిలిచి ఉంది. దాన్ని కట్టినవాళ్లు నదిలో పెద్ద పెద్ద రాళ్లు పడేశారు. రాళ్లు ఇసకలోకి దిగిపోయాయి. వాటిమీద ఇంకా వేశారు. ఇక దిగవు అన్నదాకా వేసి, వాటిమీద కట్ట లేపారు. కాటన్ ఈ కిటుకును చూశాడు. చూసి ఊరుకోలేదు. ఇసకలో పునాది వెయ్యడం తాము ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని తన రాతల్లో ఒప్పుకున్నాడు. యుద్ధం చెయ్యడం తెలిసినా, పాత కట్టలకు మరమ్మతు చెయ్యడం కూడా చేతకానివాళ్లని జనం తెల్లవాళ్లను చిన్నచూపు చూసేవారని కూడా రాశాడు. పాలించే జాతివాడు పాలితుల దగ్గర నేర్చుకున్నానని చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు లేచాయి. పని అంతటితో అయిపోలేదు. ఈసారి కావేరి పాయలోకి నీరు ఎక్కువై గట్లు కోసుకుపోసాగాయి. 1845లో కావేరి పాయకూ ఒక అడ్డు కట్టవలసి వచ్చింది. నది చెప్పిన తప్పును దిద్దుకోవడం కూడా చదువులో భాగమే.

ఇక మన గోదావరి సంగతి. 1832-33 నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. గోదావరి జిల్లాలోనూ కరువులు విరుచుకుపడ్డాయి. 1839లో తుఫాను కోరంగి తీరాన్ని ముంచింది. నది నిండా నీళ్లు, ఒడ్డున ఆకలి చావులు. జనం చచ్చి, వలసపోయి, కంపెనీకి శిస్తు రావడం తగ్గింది. అప్పుడు గానీ దొరలకు మెలకువ రాలేదు. విచారణకు వచ్చిన హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి, నీటి పనులు తెలిసిన ఇంజనీరును పంపమని 1844లో సిఫారసు చేశాడు. అలా వచ్చినవాడు కాటన్. జిల్లా అంతా తిరిగి చూశాడు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట వెయ్యవచ్చని నివేదిక ఇచ్చాడు. 1847లో పని మొదలైంది. 1852లో ముగిసింది.

ఆ చోటు ఎంపికలోనే సగం తెలివి ఉంది. అక్కడ నది బాగా వెడల్పు. మధ్యలో లంకలున్నాయి. ఆ లంకల వల్ల ఒకే పెద్ద కట్ట బదులు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టవచ్చు. రాయికి ఎక్కడికో పోనక్కర లేదు. ధవళేశ్వరం కొండ పక్కనే ఉంది. కొండ నుంచి నదికి రాయి చేరవెయ్యడానికి పట్టాలు వేసి బళ్లు నడిపారు. ఇసకలో ఇటుక బావులు దించారు. నూతికి ఒరలు దించే పని మన పల్లెల్లో తెలియనిది కాదు. గుండ్రంగా గోడ కట్టి లోపలి ఇసక తోడుతుంటే, గోడ తన బరువుతో తనే కిందికి దిగుతుంది. పల్లెలో మంచినీళ్ల కోసం తెలిసిన విద్య, ఇక్కడ మహానదికి పునాది అయింది.

ఇన్ని విద్యలు ఒక్క బుర్రలో పుట్టలేదు. లెక్క గట్టి పటం గీసేది ఇంజనీరు. ఏ రాయి ఎలా పగులుతుందో తెలిసేది రాయి కొట్టేవాడికి. వరద ముందు నది రంగు ఎలా మారుతుందో తెలిసేది పడవవాడికి. సున్నం పాకం చూసేది తాపీవాడు. మట్టి తత్వం తెలిసేది ఉప్పరివాడికి. వీళ్లందరినీ ఒకచోట కూర్చి పని నడపడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు మన తెలుగువాడు వీణెం వీరన్న. వీరన్న పేరైనా చరిత్రలో మిగిలింది. తట్టలు మోసిన వేలమంది పేర్లు ఏ రాతిమీదా లేవు.

కాటన్ దగ్గర పని నేర్చినవాళ్లు ఆ విద్యను ముందుకు తీసుకుపోయారు. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కట్టినవాడు హేగ్. ధవళేశ్వరంలో పనిచేసిన కెప్టెన్ ఓర్, 1852 నుంచి 1855 వరకు బెజవాడలో కృష్ణ ఆనకట్ట నిలబెట్టాడు. కావేరిలో నేర్చింది గోదావరికి, గోదావరిలో నేర్చింది కృష్ణకు చేరింది. విద్య దాచుకుంటే ఒక కట్టతో ఆగేది.

మరి, ఆ నేలమీది మనిషిని అడగకుండా పని చేస్తే ఏమవుతుందో కూడా కాటన్ కథలోనే ఉంది. ఆయన ప్రోత్సాహంతో 1858లో లండనులో ఒక కంపెనీ పుట్టింది. లాభాల కోసం తుంగభద్ర నీటితో కర్నూలు - కడప కాలువ తవ్వింది. పటం బాగానే ఉంది. కానీ అక్కడ చాలా మేర నల్లరేగడి. వాన పడితే మెట్టపంట పండే నేల. డబ్బిచ్చి నీళ్లు తీసుకోవలసిన అవసరం ఏటా ఉంటుందా అని రైతును ఎవరూ సరిగా అడగలేదు. అనుకున్నంతమంది రైతులు నీళ్లు తీసుకోలేదు. కంపెనీ దివాలా దారి పట్టింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చింది. అదే ఇంజనీరింగు, అదే మనిషి. తేడా ఎక్కడుందో మిత్రులే ఆలోచించండి.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండు వెళ్లాక కూడా రైళ్ల కన్నా కాలువలే ముఖ్యమని వాదిస్తూనే ఉన్నాడు. 1878లో పార్లమెంటు సంఘం ముందు నిలబడి జవాబులు చెప్పాడు. ముసలితనంలో డార్కింగులో తన పెరట్లో నేల లోతుగా తవ్వి గోధుమ పండించి చూశాడు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో పోయాడు.

ఆయన్ను దేవుణ్ణి చెయ్యనక్కర లేదు. కంపెనీ ఆనకట్ట కట్టించింది శిస్తు కోసమే. నీరు వచ్చాక లాభం ముందుగా చేరింది భూమి ఉన్నవాడి గాదెకే. కాలువ తవ్వినవాడి బిడ్డలు అదే కాలువ కింద పరాయి పొలంలో నాట్లు వేశారు. 1982లో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి వచ్చింది. దానికీ కాటన్ పేరే పెట్టారు. దాని కింద దాదాపు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

మేం అనేది ఇంతే. ఏ తూము కింద ఎన్ని పొలాలు ఎండుతున్నాయో శివారు రైతుకు తెలుసు. ఏ గట్టు ఎక్కడ కారుతోందో లస్కరుకు తెలుసు. ఏ మురుగు కాలువ ఎక్కడ పూడిందో అందులో దిగి పూడిక తీసే కూలీకి తెలుసు. 1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టినప్పుడు ఈ కూలీకి ఓటు ఇవ్వలేదు. పటం గీసేవాడు వీళ్లతో కలిసి గట్టుమీద కూర్చోవాలి. రెండు వందల ఏళ్ల నాడు ఒక తెల్లదొర ఆ పని చెయ్యడానికి నామోషీ పడలేదు. మన ఇంజనీర్లు, మన మంత్రులు ఎందుకు నామోషీ పడాలి?