రాత్రి వార్డులో పని.. పగలు హార్వర్డ్‌లో చదువు
పార్ట్‌టైమ్ కొలువుతో చదువు గట్టెక్కించిన యల్లాప్రగడ సుబ్బారావు

మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు చదువు చదివిన మనిషి. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన లెక్చరరు. అలాంటాయన సముద్రాలు దాటి వెళ్లి, ముక్కూమొహం తెలియని ఊళ్లో రోగుల బెడ్‌పాన్లు కడిగారు. రాత్రంతా వార్డుల్లో తిరిగి, తెల్లారాక క్లాసులో కూర్చున్నారు. ఎందుకంటే చదువు మధ్యలో ఆపడం ఆయనకు ఇష్టం లేదు. చేతిలో డబ్బు లేదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్ మందులు మొదలుకొని బోదకాలు మాత్రల దాకా ఎన్నో ఔషధాల వెనుక ఉన్న శాస్త్రవేత్త.

కాలేజీ చదువుతూ సాయంత్రం పూట కొరియర్ ఆఫీసులోనో, మందుల షాపులోనో, ట్యూషన్ సెంటర్లోనో పనిచేసే పిల్లలు చెన్నైలో ఉన్నారు, బళ్లారిలో ఉన్నారు, బరంపురంలోనూ ఉన్నారు. చేస్తున్న పని చెప్పుకోవడానికి చాలామంది నామోషీ పడతారు. వాళ్లు ఒక్కసారి తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

మూడోసారికి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి ఆరోగ్యం బాగోక ఉద్యోగం ముందుగానే మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయారు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. సంపాదించాలన్న ఆరాటం మాత్రం ఆగలేదు.

చదువులోనూ మొదటి నుంచీ మెరిసిన కుర్రాడేం కాదు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడో ప్రయత్నంలో మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తర్వాత మెరీనా ఒడ్డున ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలని ఉన్నా తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు కొంత సాయం చేశారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి మిగతా భారం తలకెత్తుకున్నారు. ఆయన కూతురు శేషగిరితోనే 1919లో సుబ్బారావు పెళ్లయింది.

ఖద్దరు కోటు ఖరీదు

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్లోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ రాలేదు. అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరాలని ప్రయత్నించినా ఫలించలేదు.

ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరరుగా చేరారు. అప్పటికే ఇంట్లో విషాదం జరిగిపోయింది. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. మందు కనిపెట్టాలన్న పట్టుదల అక్కడే గట్టిపడింది. అందుకు పరిశోధన నేర్చుకోవాలి. హార్వర్డ్‌లోని ఉష్ణమండల వ్యాధుల కోర్సు మీద ఆయన మనసు పడింది.

వెళ్లడానికి మళ్లీ డబ్బే అడ్డం. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామంది. యానాం పక్కనే ఉన్న కోరంగిలో పుట్టి, రంగూన్ వెళ్లి సంపాదించిన నాయకర్ ఆస్తితో నడిచే సంస్థ అది. మామగారు మరికొంత పోగుచేశారు. అలా 1920ల మొదట్లో సుబ్బారావు ఓడెక్కారు. భార్య అప్పటికి గర్భవతి.

డాక్టరు పని దొరకలేదు

బోస్టన్‌లో దిగేసరికి జేబు దాదాపు ఖాళీ. అమెరికాలో డాక్టరుగా పనిచేయడానికి ఆయన దగ్గర లైసెన్సు లేదు. మద్రాసులో ఖద్దరు గౌనుకు చెల్లించిన మూల్యం ఇక్కడా వెంటాడింది. ఎల్‌ఎంఎస్ కాగితం చూపిస్తే ఏ ఆసుపత్రీ డాక్టరు కొలువు ఇచ్చే పరిస్థితి లేదు. ఉష్ణమండల వ్యాధుల విభాగం పెద్ద, ప్రొఫెసర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆదరించారు. అయినా తిండికీ గది అద్దెకూ రోజూ డబ్బు కావాలి కదా!

పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని దొరికింది. రోగుల బెడ్‌పాన్లు, మూత్రం సీసాలు తీసి కడిగి పెట్టాలి. మద్రాసులో అయితే ఆ పని చేసేవాళ్లను డాక్టర్లు పక్కన నిలబడనిచ్చేవారు కాదు. ఆచారం పాటించే బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన మనిషి ఈయన. అయినా కాదనలేదు.

లెక్క చూస్తే అంతకంటే అనువైన పని ఇంకొకటి లేదు. ఆసుపత్రి హార్వర్డ్ మెడికల్ స్కూలును ఆనుకునే ఉంది. పోయి రావడానికి బండి ఖర్చు లేదు. పని రాత్రి పూట కాబట్టి క్లాసు పోదు. తెల్లగౌను వేసుకునే హోదా లేకపోయినా తాను చదువుతున్న వైద్యం కళ్లముందే ఉంటుంది. నిద్ర ఒక్కటే తగ్గింది. ఆ రాత్రుల కూలితోనే రోజులు నెట్టుకొచ్చి, చేరిన కోర్సు పూర్తి చేసి డిప్లొమా అందుకున్నారు.

ఇంటి దగ్గర కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి బిడ్డ మొహం చూడనే లేదు. తిరిగొస్తానన్న మనిషి కోసం శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. సుబ్బారావు మళ్లీ స్వదేశం రాలేదు. ఆ చదువు కోసం ఇద్దరూ కట్టిన మూల్యం అది.

బెడ్‌పాన్ల నుంచి బీకరు దాకా

డిప్లొమా తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి తేల్చే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించారు. 1925లో అది అచ్చయింది. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు తరతరాలుగా నేర్చుకున్నారు. 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. ఒంట్లో ప్రతి కదలికకూ శక్తినిచ్చే పదార్థం ఏటీపీ. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఇప్పుడు గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేది ఇదే. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ చికిత్సకూ పనికొచ్చేది ఇదే. 1947లో హెట్రజాన్ వచ్చింది. తమిళులు యానైక్కాల్ అనే బోదకాలు జబ్బుకు మందు అది. డీఈసీ పేరుతో గోదావరి జిల్లాల్లోనూ, తమిళనాడు, ఒడిశాల్లోనూ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తెచ్చి పంచిన మాత్ర. ఆయన పరిశోధన సారథ్యంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో ప్రపంచానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో మొదటిది.

మళ్లీ అదే వీధికి

ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే తయారుచేసింది. దాన్ని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. అప్పటిదాకా వారాల్లో చనిపోయే పిల్లల్లో కొందరికి జబ్బు తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టింది. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయొచ్చన్న నమ్మకం బలపడటంలో ఆ ఫలితాలది పెద్ద పాత్ర. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడకంలో ఉంది.

ఆ పిల్లల ఆసుపత్రి ఉన్నది బ్రిగమ్ ఆసుపత్రి పక్కనే. పాతికేళ్ల కిందట రాత్రిళ్లు సుబ్బారావు బెడ్‌పాన్లు మోసిన చోటికి కూతవేటు దూరంలోనే ఆయన మందు పిల్లల ప్రాణాలకు కొన్ని నెలల గడువు తెచ్చింది.

1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. స్టాంపు మీద ఉన్నది శాస్త్రవేత్త బొమ్మే. ఆ శాస్త్రవేత్తను తొలిరోజుల్లో అన్నం పెట్టి చదివించింది మాత్రం బోస్టన్‌లోని రాత్రి పోర్టరు జీతం.