విశ్వేశ్వరయ్య గారి రెండో పని

ఇంజనీర్ల దినోత్సవం నాడు మనం దండ వేసే తలపాగా పెద్దాయన కూడా ట్యూషన్లు చెప్పుకుని చదివినవారే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెబుతూ 1881లో బి.ఎ., ఆ తర్వాత పూనాలో ఇంజనీరింగు పూర్తిచేశారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. ఎగువన కురిసిన వాన ఒక్కసారిగా ఊరిమీద పడకుండా రెండు జలాశయాలు కట్టాలన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి తాగునీరూ ఇచ్చాయి.

ఇది అందరూ చెప్పేదే. రెండో పని గురించి ఎవరూ మాట్లాడరు. ఇళ్ళ మురుగు మూసీలో కలవకూడదని, భూగర్భ గొట్టాల్లో ఊరి బయటికి మళ్ళించాలని సూచించారు. ఆ డ్రైనేజీ పనికే 1922లో మళ్ళీ వచ్చారు. నా దృష్టిలో ఆనకట్టల కంటే ఇదే ముందుచూపు. వాన నీరు, మురుగు ఒకే దారిన పడితే పెద్ద వానకు మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి, ఆ మురికంతా నదికే చేరుతుంది.

1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్ళు దాటి ఆయన కన్నుమూశారు. తర్వాత నగరం ఎన్నో రెట్లు పెరిగింది, గొట్టాలు చాలలేదు. మూసీలోకి మురుగు ఇంకా వస్తూనే ఉంది.